హ్యామ్ రేడియో లైసెన్సు: దేశం దాటే ముందు తీసుకోవాలా, దాటాక తీసుకోవాలా?

మా అన్నయ్య కొడుకు బెంగళూరులో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంటాడు. ఉద్యోగం మీద డాలస్ వెళ్లే కాగితాలు చేతికి వచ్చిన రోజు సాయంత్రం మిఠాయి పొట్లంతో వచ్చి, కూర్చోగానే ఇలా అడిగాడు: “బాబాయ్, అమెరికాలో హ్యామ్ పరీక్షకు మోర్స్ అక్కర్లేదట. అలాంటప్పుడు ఇక్కడ కూర్చుని డిట్, డా అని కుస్తీ పట్టడం ఎందుకు? అక్కడికి వెళ్లాకే రాసేస్తాను.” హ్యామ్ అంటే లాభం కోసం కాక ఆసక్తి కొద్దీ, ప్రభుత్వ లైసెన్సుతో, సొంత రేడియో సెట్టు మీద ఇతరులతో మాట్లాడేవారు; డిట్, డా అనేవి మోర్స్ సంకేతాల్లో చుక్క, గీతల శబ్దాలు. అతని ప్రయాణానికి ఇంకా అయిదు నెలల గడువుంది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మన తెలుగు కుర్రవాళ్లలో ఎలక్ట్రానిక్స్ మీద మక్కువ ఉన్నవారు చాలామంది ఇదే ప్రశ్న అడుగుతుంటారు. విదేశంలో పదేళ్లుండి తిరిగి వచ్చినవారు దీన్నే తిప్పి అడుగుతారు: “అక్కడి లైసెన్సు ఉంది కదా, ఇక్కడ మళ్లీ ఎందుకు?” ఇద్దరికీ చెప్పవలసిన సంగతులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి కనుక రెండింటినీ కలిపి రాస్తున్నాను.

మొదట ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. రేడియో తరంగానికి సరిహద్దు లేదు గానీ లైసెన్సుకు ఉంది. ఏ దేశపు నేల మీద నిలబడి మైకు నొక్కుతున్నారో ఆ దేశపు అనుమతి మీకు ఉండాలి. ఆ అనుమతి మూడు రకాలుగా దొరుకుతుంది: ఆ దేశపు పరీక్ష నెగ్గి సొంత లైసెన్సు తీసుకోవడం, రెండు ప్రభుత్వాల మధ్య ఉన్న పరస్పర ఒప్పందం ప్రకారం మీ దేశపు లైసెన్సు మీదే అక్కడ పనిచేయడం, ఐరోపా దేశాలు ఒకరి లైసెన్సును మరొకరు గుర్తించుకునే సెప్ట్ ఏర్పాటు కింద వెళ్లడం. మూడో దారిలో భారతదేశం లేదు. అందువల్ల మన లైసెన్సు చేతపట్టుకుని పారిస్‌లోనో రోమ్‌లోనో దిగగానే సెట్టు ఆన్ చేయవచ్చుననుకోవడం పొరపాటు.

ఇక ఇక్కడి లైసెన్సు సంగతి. మన దేశంలో దీన్ని టెలికమ్యూనికేషన్ల శాఖకు చెందిన డబ్ల్యూపీసీ విభాగం ఇస్తుంది. మూలాధారం 1978 నాటి అమెచ్యూర్ సర్వీస్ నియమావళి. పన్నెండేళ్లు నిండిన భారత పౌరులెవరైనా పరీక్ష రాయవచ్చు. సరళ్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకుంటే బెంగళూరు, చెన్నై వంటి చోట్ల ఉన్న వైర్‌లెస్ మానిటరింగ్ కేంద్రాలు పరీక్ష నిర్వహిస్తాయి. శ్రేణులు రెండే. రిస్ట్రిక్టెడ్ శ్రేణికి రేడియో సిద్ధాంతం, నియమాల మీద రాత పరీక్ష చాలు, కాల్‌సైన్ (గాలిలో మీ గుర్తింపు పేరు) వీయూ3తో మొదలవుతుంది. జనరల్ శ్రేణికి కాస్త కఠినమైన రాత పరీక్షతో పాటు నిమిషానికి ఎనిమిది పదాల వేగంతో మోర్స్ వినడం, పంపడం రావాలి, కాల్‌సైన్ వీయూ2తో మొదలవుతుంది. దూర దేశాలతో మాట్లాడటానికి పనికొచ్చే హెచ్‌ఎఫ్ బ్యాండ్లలో (ఫ్రీక్వెన్సీ పట్టీల్లో) రిస్ట్రిక్టెడ్ వారికి 50 వాట్ల వరకు, జనరల్ వారికి 400 వాట్ల వరకు అనుమతి ఉంటుంది. లైసెన్సు రుసుము ఇరవై ఏళ్లకు 1000 రూపాయలు, జీవితకాలానికి 2000 రూపాయలు. ఈ రెండింటిలో జీవితకాలపు లైసెన్సే తీసుకోమంటాను. విదేశంలో ఉన్నవారికి రెన్యూవల్ తేదీ గుర్తుండటమే కష్టం, గుర్తున్నా అక్కడ కూర్చుని కాగితాలు నడపడం మరీ కష్టం.

మోర్స్ దగ్గర చాలామంది ఆగిపోతారు. వారికి ధైర్యం చెప్పాలనే ఇక్కడ కొంచెం ఎక్కువగా రాస్తున్నాను. ఎనిమిది పదాలంటే వినడానికి భయం వేస్తుంది గానీ, పదానికి అయిదు అక్షరాల లెక్కన అది నిమిషానికి నలభై అక్షరాలు, అంటే ఒక్కో అక్షరానికి ఒకటిన్నర సెకను. మనవాళ్లు చేసే మొదటి తప్పు చుక్కలు, గీతలు కాగితం మీద రాసుకుని ఎక్కాల్లా బట్టీ పట్టడం. అలా నేర్చుకున్నవారు ప్రతి అక్షరానికీ మనసులో ఆ కాగితం తీసి చూసుకుంటారు, అంతలో తర్వాతి రెండు అక్షరాలు వెళ్లిపోతాయి. మోర్స్ కంటితో నేర్చుకునే విద్య కాదు, చెవితో నేర్చుకునేది. చిన్నప్పుడు పక్కింట్లో సంగీతం పాఠం జరుగుతుంటే సరళీ స్వరాలు మనకు తెలియకుండానే నోటికి వచ్చినట్టు, అక్షరాన్ని ఒక చిన్న లయగా వినాలి. మా వాడికి నేను మొదట చెప్పినవి వీ, యూ అనే రెండు అక్షరాలే: డిడిడిడా, డిడిడా. భారతదేశపు దాదాపు ప్రతి హ్యామ్ కాల్‌సైన్‌కూ ముందుండే మువ్వల సవ్వడి అది. భోజనాల బల్ల మీద చెంచాతో కొడుతూ వారం తిరగకుండా పన్నెండు అక్షరాలు పట్టుకున్నాడు. రోజుకు ఇరవై నిమిషాలు, ఒక్క రోజూ మానకుండా కూర్చుంటే మూడు నెలల్లో ఎనిమిది పదాల వేగం వస్తుంది. ఆదివారం రెండు గంటలు కూర్చుని మిగతా ఆరు రోజులు వదిలేసేవారికి ఏడాదైనా రాదు.

ఇప్పుడు అమెరికా వైపు చూద్దాం. అక్కడి సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఇచ్చే లైసెన్సులో టెక్నీషియన్, జనరల్, ఎక్స్‌ట్రా అని మూడు తరగతులున్నాయి. మొదటి రెండింటికి 35 ప్రశ్నలు చొప్పున ఉంటాయి, 26 సరిగ్గా రాస్తే చాలు. ఎక్స్‌ట్రాకు 50 ప్రశ్నలు, 37 రావాలి. 2007 ఫిబ్రవరి నుంచి ఏ తరగతికీ మోర్స్ లేదు. ప్రశ్నల నిధి మొత్తం ముందుగానే అందరికీ అందుబాటులో ఉంటుంది, నాలుగేళ్లకోసారి మారుతుంది. ఎఫ్‌సీసీ రుసుము 35 డాలర్లు, పరీక్ష నిర్వహించే వాలంటీర్ బృందాలు కొన్ని పదిహేను డాలర్ల దాకా తీసుకుంటాయి, కొన్ని ఏమీ తీసుకోవు. లైసెన్సు పదేళ్లు చెల్లుతుంది. పౌరసత్వం అక్కర్లేదు, విదేశీ ప్రభుత్వ ప్రతినిధి కాకుండా ఉంటే చాలు, వీసా మీద ఉన్న విద్యార్థి కూడా రాయవచ్చు. అయితే అమెరికాలో ఉత్తరం అందే చిరునామా ఒకటి ఉండాలి, ముందుగా ఎఫ్‌ఆర్‌ఎన్ అనే నమోదు సంఖ్య తీసుకోవాలి. పరీక్ష నెగ్గాక రుసుము కట్టమని ఈమెయిల్ వస్తుంది, పది రోజుల్లో కట్టకపోతే దరఖాస్తు పోతుంది. ఆ చిరునామా ఎఫ్‌సీసీ రికార్డుల్లో ప్రపంచమంతా చూసేలా కనబడుతుంది కాబట్టి, ఒంటరిగా ఉండే ఆడపిల్లలకు పోస్టు బాక్సు తీసుకుని ఆ చిరునామా ఇమ్మని నేను గట్టిగా చెబుతాను.

అక్కడ టెక్నీషియన్‌తో ఆగిపోవద్దు. ఒకే రోజున, ఒకే కూర్చోవడంలో, టెక్నీషియన్ నెగ్గగానే జనరల్ ప్రశ్నపత్రం అడిగి రాయవచ్చు. ఎఫ్‌సీసీ రుసుము కూడా ఒక్కసారే కడతారు. టెక్నీషియన్‌కు హెచ్‌ఎఫ్‌లో మాట్లాడే వీలు పది మీటర్ల బ్యాండ్‌లో (బ్యాండ్లను తరంగదైర్ఘ్యాన్ని బట్టి పిలుస్తారు) ఒక చిన్న ముక్కకే పరిమితం. డాలస్ నుంచి బెంగళూరు చేరాలంటే సాధారణంగా పనికొచ్చేది ఇరవై మీటర్ల బ్యాండ్. దానికి జనరల్ కావాలి.

అంత సులువుగా దొరికేది ఉండగా ఇక్కడ ఎందుకు కష్టపడాలన్న మా వాడి ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెప్పవచ్చు. అమెరికా లైసెన్సు అక్కడ దిగాక ఏ శనివారం పొద్దున్నయినా దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో కెమెరా ముందు కూర్చుని కూడా రాయవచ్చు. భారతీయ లైసెన్సుకు మాత్రం మనిషి ఇక్కడే ఉండాలి, పరీక్ష తేదీ వచ్చేదాకా ఆగాలి, ఆ తర్వాత కాగితాలు నడిచేదాకా ఆగాలి. మూడు వారాల సెలవు మీద, పెళ్లిళ్లూ తిరుపతి దర్శనమూ మధ్య పెట్టుకుని, ఇంటికొచ్చినవారు ఈ పని పూర్తి చేసిన దాఖలా నేను చూడలేదు. ఎక్కడైనా దొరికేదాన్ని తర్వాతకు వాయిదా వేసుకోవచ్చు, ఇక్కడే దొరికేదాన్ని మాత్రం ఇక్కడ ఉన్నప్పుడే తీసుకోవాలి.

పైగా అది అక్కడ వృథా పోదు. భారత్, అమెరికాల మధ్య పరస్పర ఒప్పందం ఉంది. భారత పౌరుడై ఉండి, భారత ప్రభుత్వం ఇచ్చిన హ్యామ్ లైసెన్సు ఉన్నవారు వేరే దరఖాస్తు ఏదీ లేకుండా అమెరికాలో పనిచేయవచ్చు. కాల్‌సైన్ చెప్పే పద్ధతి మాత్రం మారుతుంది. డాలస్ ఉన్న టెక్సస్ అమెరికా కాల్‌సైన్ ప్రాంతాల్లో అయిదోది కనుక ముందు డబ్ల్యూ5 అని, ఒక వాలుగీత (/) పెట్టి, ఆ తర్వాత మీ వీయూ కాల్‌సైన్ చెప్పాలి. ప్రతి సంభాషణలో కనీసం ఒకసారి ఏ ఊళ్లో, ఏ రాష్ట్రంలో ఉన్నారో కూడా చెప్పాలి. విమానం దిగిన రోజు సాయంత్రమే అద్దె ఇంటి కిటికీకి పది మీటర్ల తీగ వేలాడదీసి మాట్లాడవచ్చన్నమాట.

ఈ దారికి మూడు షరతులున్నాయి, వాటిని మరిచిపోకూడదు. మీ భారతీయ లైసెన్సులో ఉన్న పరిమితులు అక్కడికీ వెంట వస్తాయి, కనుక రిస్ట్రిక్టెడ్ లైసెన్సుతో వెళ్లినవారు అక్కడ కూడా ఆ హద్దుల్లోనే ఉండాలి. జనరల్ కోసం మోర్స్ నేర్చుకోమని నేను పట్టుబట్టడానికి ఇదే ముఖ్యమైన కారణం. రెండోది, ఎఫ్‌సీసీ లైసెన్సు చేతికి వచ్చిన రోజు నుంచి ఈ ఒప్పందం మీకు వర్తించదు, ఆ తర్వాత అక్కడి కాల్‌సైన్‌తోనే మాట్లాడాలి. టెక్నీషియన్ ఒక్కటే తీసుకుని ఊరుకున్న వీయూ2 వారు ఇక్కడే నష్టపోతారు: నిన్నటిదాకా ఉన్న ఇరవై మీటర్ల బ్యాండ్ ఇవాళ చేజారిపోతుంది. మూడోది, అమెరికా పౌరసత్వం తీసుకున్నవారికి ఈ దారి పూర్తిగా మూసుకుపోతుంది, ఇంకే దేశపు పౌరసత్వం ఉన్నా లేకపోయినా సరే.

ఇప్పుడు ఎంపిక చెబుతాను. ఏడాది, రెండేళ్ల పని మీద వెళ్తున్నవారికి, చేతిలో నాలుగైదు నెలల గడువుంటే, ఇక్కడి జనరల్ లైసెన్సు ఒక్కటే చాలు. అక్కడ పరీక్ష రాయనక్కర్లేదు. చదువుకోసమో స్థిరపడే ఉద్దేశంతోనో వెళ్తున్నవారు ఇక్కడి లైసెన్సు తీసుకుని, మొదటి ఏడాది దానితో నడిపించి, తర్వాత తీరిక చూసుకుని అక్కడ టెక్నీషియన్, జనరల్ ఒకే రోజున రాసెయ్యడం మేలు. నెల రోజుల్లో విమానం ఎక్కాల్సినవారు ఇక్కడి దరఖాస్తు జోలికి పోకుండా అమెరికా ప్రశ్నల నిధి ముందేసుకుని చదువుకోవాలి. హడావిడిగా రిస్ట్రిక్టెడ్‌కు దరఖాస్తు పెట్టి, పరీక్ష తేదీ నాటికి దేశంలో లేకుండా పోయినవారిని చూశాను కనుక చెబుతున్నాను.

ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఇది తప్పకుండా వస్తుంది. మా అన్నయ్య కొడుకు డాలస్‌లో హ్యామ్, నేను బెంగళూరులో హ్యామ్ అనుకుందాం. ఒక తెల్లవారుజామున బ్యాండ్ తెరుచుకుని అతని గొంతు స్పష్టంగా వినబడుతుంటే, పక్కన నిలబడ్డ వాళ్లమ్మ, మా వదినగారు, “ఒక్కసారి నన్నూ మాట్లాడనీ” అని చెయ్యి చాపితే మైకు ఇవ్వకూడదు. లైసెన్సు లేనివారి తరఫున సంభాషణ నడపడానికి రెండు దేశాల మధ్య వేరే అంగీకారం కావాలి, అమెరికా అలా అంగీకరించిన దేశాల జాబితాలో భారతదేశం లేదు. ఇంట్లోవారితో మాట్లాడటం కోసమే ఈ లైసెన్సు అనుకునేవారు ఫోనుతో సరిపెట్టుకోవడమే మంచిది. లేదా ఇంట్లో మరొకరు కూడా పరీక్ష రాయాలి. మా వదినగారు యాభై నాలుగేళ్ల వయసులో ఇప్పుడు రిస్ట్రిక్టెడ్ పుస్తకం ముందేసుకుని ఓమ్ నియమం చదువుతున్నారు. రెసిస్టర్ రంగుల వరుసను ఆవిడ చీరల బోర్డర్లతో గుర్తు పెట్టుకోవడం చూస్తే నాకెంతో గౌరవం కలుగుతుంది.

మిగతా దేశాల గురించి క్లుప్తంగా. బ్రిటన్‌లో నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఇచ్చే లైసెన్సుకు ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫుల్ అనే మెట్లున్నాయి. ఫౌండేషన్‌లో 26 ప్రశ్నలకు 19 రావాలి, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో రాయవచ్చు. 2024 నుంచి ఫౌండేషన్ వారికి 25 వాట్ల వరకు అనుమతి ఉంది కనుక మొదటి మెట్టే చాలామందికి సరిపోతుంది. కెనడాలో బేసిక్ పరీక్షకు వంద ప్రశ్నలు, డెబ్బై వస్తే ఉత్తీర్ణత. కానీ ఎనభై తెచ్చుకోవడమే లక్ష్యంగా పెట్టుకోండి, హెచ్‌ఎఫ్ తలుపు దానితోనే తెరుచుకుంటుంది. ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. జర్మనీలో 2024 జూన్ నుంచి ఎన్ అనే కొత్త తొలి తరగతి వచ్చింది, పరీక్ష సులువే గానీ ప్రశ్నలు జర్మన్‌లో ఉంటాయి. మ్యూనిక్ వెళ్లే పిల్లలు భాష ఒక దారికి వచ్చాక దాని మీద కూర్చోవాలి.

ఐరోపాకు సంబంధించి ఇంకో చిక్కుంది, దీన్ని తెలియక పొరబడేవారు ఎక్కువ. అమెరికా ఎక్స్‌ట్రా లైసెన్సు ఉంటే సెప్ట్ దేశాల్లో మూడు నెలల వరకు వేరే అనుమతి లేకుండా పనిచేయవచ్చని విని, వీసా మీద అమెరికాలో ఉన్న మనవారు సెట్టు సర్దుకుని సెలవులకు స్పెయిన్ బయలుదేరుతుంటారు. ఆ సదుపాయం అమెరికా పౌరులకే. పాస్‌పోర్టు ఒక దేశానిది, లైసెన్సు మరో దేశానిది అయినప్పుడు ప్రతి ప్రయాణానికీ ముందు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ఇక తిరిగి వచ్చినవారి సంగతి. భారత పాస్‌పోర్టుతోనే తిరిగి వచ్చి బెంగళూరులోనో చెన్నైలోనో స్థిరపడుతున్నవారికి, వెళ్లేముందు తీసుకున్న వీయూ లైసెన్సు ఉంటే అంతకన్నా కావలసింది లేదు. అది లేనివారు అక్కడి లైసెన్సును నమ్ముకోకుండా ఇక్కడి పరీక్ష రాయడం మంచిది. అక్కడ జనరల్ నెగ్గినవారికి ఇక్కడి సిద్ధాంతం కష్టం కాదు, మోర్స్, మన నియమాలు మాత్రమే కొత్తగా నేర్వాలి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో వచ్చినవారి దారి వేరు, వారు పరస్పర ఒప్పందం కింద డబ్ల్యూపీసీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ రెండింటిలో ఏదైనా సరే, కాగితం చేతికి వచ్చేదాకా వినడం వరకే ఉండాలి.

సెట్లు తెచ్చుకునేవారికి నా అనుభవం ఒకటి పనికి రావచ్చు. చాలా ఏళ్ల కిందట విదేశం నుంచి వస్తూ ఒక హ్యాండీ సెట్టును బట్టల మధ్య పెట్టి తెచ్చాను, లైసెన్సు నకలు మాత్రం ఇంట్లో బీరువాలో ఉంది. విమానాశ్రయంలో సెట్టు ఆపేశారు. తప్పు పూర్తిగా నాది. మూడుసార్లు తిరిగాక గానీ అది నా చేతికి రాలేదు. అప్పటి నుంచి లైసెన్సు నకలు, సెట్టు కొన్న రసీదు, రెండూ సెట్టుతో పాటు ఒకే సంచీలో పెడతాను. పెద్ద హెచ్‌ఎఫ్ సెట్లు ఎక్కువగా 13.8 వోల్టుల డీసీ మీద నడుస్తాయి కనుక సెట్టుతో ఇబ్బంది లేదు, అమెరికా పవర్ సప్లైని అక్కడే అమ్మేసి ఇక్కడ 230 వోల్టులది కొనుక్కోవచ్చు. సెట్టులో దాచుకున్న ఫ్రీక్వెన్సీలను మాత్రం వచ్చిన రోజే తుడిచెయ్యాలి. అమెరికాలో రెండు మీటర్ల బ్యాండ్ 144 నుంచి 148 మెగాహెర్ట్జ్ దాకా ఉంటే ఇక్కడ 146 దగ్గరే ఆగుతుంది. నలభై మీటర్ల బ్యాండ్ అక్కడ 7.3 దాకా, ఇక్కడ 7.2 దాకా. డాలస్‌లో రోజూ పలకరించుకున్న 147 మీది రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని తిరిగి ప్రసారం చేసే కేంద్రం) బటన్‌ను బెంగళూరులో అలవాటుగా నొక్కితే అది నేరుగా నియమోల్లంఘన.

ఎక్కడ నేర్చుకోవాలంటే, బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హ్యామ్స్ ఉంది, చెన్నైలో మద్రాస్ అమెచ్యూర్ రేడియో సొసైటీ ఉంది, సెలవులకు సొంతూరు వెళ్లేవారికి హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. ఈ చివరి సంస్థకు చెందిన భారతి ప్రసాద్ గారు, వీయూ2ఆర్‌బీఐ, 2004 డిసెంబరులో అండమాన్ దీవుల నుంచి ప్రపంచ హ్యామ్‌లతో మాట్లాడటానికి బృందంతో పోర్ట్ బ్లెయిర్ వెళ్లి ఉండగానే సునామీ వచ్చింది. మాటలు తెగిపోయిన దీవుల నుంచి క్షేమ సమాచారం బయటికి చేరవేయడానికి ఆ సెట్లే ఆసరా అయ్యాయి. పుస్తకం చదువుకుని ఒంటరిగా పరీక్ష రాసేవారు కూడా రాసేముందు ఒక్కసారైనా ఇలాంటి చోట పాత హ్యామ్‌ల పక్కన కూర్చుని కీ కొట్టి చూడాలి. మోర్స్ పంపేటప్పుడు మణికట్టు ఎలా వదులుగా ఉండాలో ఏ యాప్ చెప్పదు.

మా వాడు జనరల్‌కే దరఖాస్తు పెట్టాడు. పరీక్ష నెగ్గాడు, కాల్‌సైన్ కాగితం ప్రయాణానికి పదకొండు రోజుల ముందు వచ్చింది. సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన చుట్ట చుట్టిన పది మీటర్ల రాగి తీగ పెట్టుకున్నాడు. లైసెన్సు నకళ్లు రెండు, ఒకటి చేతి సంచీలో, మరొకటి సెట్టు పెట్టెలో.